ఐదు వాక్యాల ఉత్తరం: వ్యసనంపై ఒక రచనా తరగతి కేస్ స్టడీ

ఒహాయో రాష్ట్రంలోని ఒక కమ్యూనిటీ కాలేజీలో నేను ఇంగ్లీషు రచన బోధిస్తాను. అమెరికాలో డిగ్రీ చదవాలనుకునే విద్యార్థి రేపు నర్సు అయినా, అకౌంటెంటు అయినా, దాదాపు ప్రతిచోటా మొదటి ఏడాదిలో ఈ కోర్సు దాటి వెళ్ళాలి. 1885లో హార్వర్డ్‌లో తప్పనిసరి అయిన ఈ పద్ధతి క్రమంగా దేశమంతా పాకింది. మా కాలేజీలో మొదటి సెమిస్టరులో వ్యాసాలు చదువుతారు, వ్యాసాలు రాస్తారు. రెండో సెమిస్టరులో ఒకే విషయం మీద పదహారు వారాలు పనిచేసి, పది పన్నెండు పేజీల పత్రం రాస్తారు. నేను చెప్పబోయేది రెండో సెమిస్టరు సంగతి. ఆ ఏడాది నా తరగతి విషయం వ్యసనం.

ఈ కేసులో ముఖ్యంగా ఒక విద్యార్థిని గురించి చెబుతాను. మధ్యలో మరో ఇద్దరు కుర్రవాళ్ళు వస్తారు. ఆమె అనుమతితోనే రాస్తున్నాను; మనుషులను గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. ఆంధ్ర, తెలంగాణల్లో ఇంగ్లీషు బోధించే మిత్రులు "పిల్లల చేత పరిశోధన పత్రం ఎలా రాయిస్తారు?" అని అడుగుతుంటారు. పద్ధతి చెప్పడం తేలిక. అది ఎక్కడ తప్పిందో, ఎక్కడ పట్టు దొరికిందో చెప్పాలంటే ఇలా ఒక మనిషి పని వెంట నడవాలి.

ముందు నా తప్పు

ఒహాయోలో ఈ విషయం ఎంచుకోవడానికి పెద్దగా ఆలోచించనక్కర్లేదు. మాదకద్రవ్యాల మోతాదు మించి మరణించేవారి రేటు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఇది ఒకటిగా చాలాకాలం నిలిచింది. 2021లో దేశం మొత్తం మీద అలాంటి మరణాలు లక్ష దాటాయి. నా తరగతిలో కూర్చున్నవారిలో, ఆ ఆపద తమ వాళ్ళెవరి గడపా తొక్కలేదని చెప్పగలిగేవారు కొద్దిమందే. కనుకనే ఇది పనికొచ్చే విషయం. కనుకనే ప్రమాదకరమైన విషయం కూడా. ఆ రెండో మాట నాకు ఆలస్యంగా అర్థమైంది.

మొదటిసారి ఈ విషయం పెట్టినప్పుడు, పరిశోధనకు ముందు అందరూ సొంత అనుభవం మీద ఒక వ్యాసం రాయాలన్నాను. ఒక కుర్రవాడు తన అన్న గురించి రాశాడు. మా తరగతుల్లో ఒకరి డ్రాఫ్టు మరొకరు చదివి వ్యాఖ్యలు రాయడం రివాజు. దాన్ని పీర్ రివ్యూ అంటారు. ఎవరిది ఎవరికన్నది చీటీలు తీసి నిర్ణయించాను. అతని కాగితాలు చేతికొచ్చిన విద్యార్థి చెడ్డవాడు కాడు. నేర్పినట్టే చేశాడు. కామాలు దిద్దాడు, ఒకచోట మార్జిన్‌లో "ఇక్కడ ఇంకా వివరం కావాలి" అని రాశాడు. ఆ వ్యాఖ్య పక్కనున్న వాక్యం, అన్న స్నానాలగదిలో పడి ఉండగా మొదట చూసింది తానేనని చెప్పే వాక్యం. కుర్రవాడు కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని బయటికి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకు కోర్సు వదిలేశాడని కాలేజీ నుంచి సమాచారం వచ్చింది.

ఆ తప్పు పూర్తిగా నాది. అడగకూడనిది మార్కుల కోసం అడిగాను, అడిగిన తర్వాత దాన్ని ముక్కూమొహం తెలియనివాళ్ళ చేతిలో పెట్టాను. ఆ తర్వాత సెమిస్టరుకు పద్ధతి మార్చాను. సొంత అనుభవం రాయాలా వద్దా అన్నది విద్యార్థి ఇష్టం. రాసినా దాన్ని నేను తప్ప ఎవరూ చదవరు. జూదం, పొగాకు, సారా, ఫోను, ఏదైనా ఎంచుకోవచ్చు. నేను వైద్యురాలిని కానని, కౌన్సెలింగ్ కేంద్రం ఏ భవనంలో ఏ గదిలో ఉందో చూపిస్తానని మొదటి రోజే చెబుతాను. చెప్పి ఊరుకోకుండా, అందరినీ వెంటబెట్టుకుని ఆ గదిదాకా నడిపించి తీసుకొస్తాను. సిలబస్‌లో అచ్చువేసిన గది నంబరు వెతుక్కుంటూ ఎవరూ వెళ్ళరు. ఒకసారి కాలు పెట్టిన చోటికి మళ్ళీ వెళ్ళగలుగుతారు.

చదివిన వ్యాసాలు

పరిశోధనకు ముందు నాలుగు వారాలు అమెరికన్ వ్యాసాలు చదివాం. నేను ఎంచుకున్నవి మూడు.

మొదటిది గోర్ విడాల్ 1970లో న్యూయార్క్ టైమ్స్‌లో రాసిన చిన్న వ్యాసం, "డ్రగ్స్". మత్తుపదార్థాలన్నిటినీ చట్టబద్ధం చేసి, అసలు ధరకే అమ్మి, ఏ మందు ఒంటికి ఏం చేస్తుందో సీసా మీద నిజాయితీగా రాస్తే చాలు, దేశంలో వ్యసనం చాలామటుకు తగ్గిపోతుందని ఆయన వాదన. రెండు నిమిషాల్లో చదివేయొచ్చు. తరగతిలో సగం మంది వెంటనే ఒప్పేసుకున్నారు. అప్పుడు పచ్చ పెన్సిల్ ఇచ్చి, రుజువు చూసి తేల్చగలిగిన వాక్యాల కింద మాత్రమే గీత గీయమన్నాను. పేజీ దాదాపు తెల్లగానే మిగిలింది. ధీమాగా చెప్పడం వేరు, ఆధారంతో చెప్పడం వేరని ఉపన్యాసం ఇస్తే ఎవరి చెవికీ ఎక్కదు. ఆ తెల్లటి పేజీ మాత్రం ఎక్కింది.

రెండోది అమెరికన్ నవలాకారుడు ఎఫ్. స్కాట్ ఫిట్జ్‌గెరాల్డ్ 1936లో ఎస్క్వైర్ పత్రికలో రాసిన "ది క్రాక్-అప్". మనిషి లోలోపల పగిలిపోవడం గురించి అమెరికన్ సాహిత్యంలో వచ్చిన గొప్ప వ్యాసాల్లో ఇది ఒకటి. ఆయన తాగుడు సంగతి లోకానికంతా తెలుసు. అయినా ఆ వ్యాసంలో, తాను కుప్పకూలిన సమయానికి ఆరు నెలలుగా ఒక్క గ్లాసు బీరు కూడా రుచి చూడలేదని చెప్పుకుంటాడు. మిగిలిన వ్యాసమంతా నిజాయితీతో వెలుగుతుంటే, ఆ ఒక్క వాక్యం దగ్గర మాత్రం పాఠకుడు ఆగుతాడు. చెప్పిన మాట నిజమే కావచ్చు. కానీ చెప్పకుండా దాటేసినది ఎంత? దీని మీద రెండు తరగతులు గడిచాయి. ఆయన 44 ఏళ్ళకే చనిపోయాడు.

మూడోది, నా దృష్టిలో ఈ కోర్సుకు గుండెకాయ వంటిది, స్కాట్ రసెల్ శాండర్స్ వ్యాసం "అండర్ ది ఇన్‌ఫ్లుయెన్స్". 1989లో హార్పర్స్‌లో వచ్చింది. రచయిత పెరిగింది మా ఒహాయోలోనే. తండ్రి తాగుడు గురించి, దాన్ని చూస్తూ పెరిగిన కొడుకు గురించి రాశాడు. రాసేనాటికి ఆయన వయసు కూడా 44. తండ్రి 64 ఏళ్ళకు పోయాడు. ఈ వ్యాసంలో తండ్రి మీద తీర్పు కోసం వెతికితే దొరకదు. దాచిపెట్టిన సీసాలున్నాయి, వాటిని కనిపెట్టి కూడా నోరెత్తని పిల్లలున్నారు, దయ్యం పట్టినవాడి గురించి బైబిల్‌లో ఉన్న కథ విని, తన తండ్రికి పట్టింది కూడా అదేననుకున్న పిల్లవాడున్నాడు. తాను లోపం లేని కొడుకునైతే నాన్న మానేస్తాడేమోనని ఆ పిల్లవాడు ఏళ్ళ తరబడి ప్రయత్నిస్తాడు. పెద్దయ్యాక ఆ ప్రయత్నమే పనిపిచ్చిగా మారుతుంది. సీసా ముట్టని కొడుకులోకి తండ్రి జబ్బు మరో దారిన ప్రవేశించిందన్నమాట.

ఇంగ్లీషులో తాగి ఉండటాన్ని చెప్పే సరదా మాటలను ఒకచోట ఆయన వరసగా గుదిగుచ్చుతాడు. నవ్వు తెప్పించే మాటలే. ఆ వరస చదువుతుంటే నవ్వు మెల్లగా ఆగిపోతుంది. తెలుగులో మనకూ అలాంటివి తక్కువేం కాదు. "చుక్క వేసుకున్నాడు", "మందు కొట్టాడు" అన్నప్పుడు ఇంట్లో భయపడుతున్న మనిషి ఆ మాటలో ఎక్కడా కనబడదు.

ఆమె మొదటి డ్రాఫ్టు

ఆ అమ్మాయికి ఇరవై నాలుగేళ్ళు. రాత్రి గిడ్డంగిలో పని, పగలు కాలేజీ. ఇళ్ళ పైకప్పులు వేసే పనిచేసే తండ్రి ఒకసారి కిందపడి నడుం విరగ్గొట్టుకున్నాడు. నొప్పికి డాక్టరు బిళ్ళలు రాశాడు. మొదటిసారి నాతో విడిగా మాట్లాడినప్పుడు ఆమె చెప్పింది అంతవరకే. నేనూ అంతకుమించి అడగలేదు.

ఆరో వారంలో వచ్చిన డ్రాఫ్టు ఐదు పేరాలది. హైస్కూలులో నేర్పే మూస అది: పరిచయం, మూడు కారణాలు, ముగింపు. వ్యసనం వ్యాధి అని, అది కుటుంబాలను నాశనం చేస్తుందని, ప్రభుత్వం చర్య తీసుకోవాలని ఉంది. తప్పు అనదగిన వాక్యం ఒక్కటీ లేదు. ఆమె రాసింది అనదగిన వాక్యమూ లేదు.

ఆధారాలుగా చూపినవి మూడు వెబ్‌సైట్లు. మూడూ చికిత్సా కేంద్రాలవి. ఈ విషయం మీద పరిశోధన చేయించే ప్రతి అధ్యాపకుడూ ఎదుర్కొనే చిక్కు ఇదే. వ్యసనం అన్న మాట వెతికితే ముందు వరసలో వచ్చే పేజీల్లో చాలావరకు రోగులను చేర్చుకోవడానికి రాయించినవి. చూడటానికి వైద్య సమాచారంలా ఉంటాయి, చివర్లో ఫోను నంబరు ఉంటుంది. వాటిలో ప్రతి అంకె పక్కనా "అధ్యయనాలు చెబుతున్నాయి" అని ఉంటుంది. ఏ అధ్యయనం, ఎవరు, ఎప్పుడు, ఎవరి మీద అన్నది ఉండదు.

మార్జిన్‌లో నేను "ఈ అంకె ఎక్కడిది?" అని రాశాను. ఆమె మరో వెబ్‌సైట్ తెచ్చింది. మళ్ళీ అదే రాశాను. ఆమెకు కోపం వచ్చింది. నా గదికి వచ్చి, "నేను అబద్ధం చెబుతున్నానని అనుకుంటున్నారా, ప్రొఫెసర్?" అంది. కాదన్నాను. అబద్ధమో నిజమో ఆమెకు కూడా తెలియదని, తెలుసుకునే దారి మాత్రం ఉందని చెప్పాను. మాట కొంచెం కరకుగానే వచ్చింది. ఆమె బదులివ్వకుండా వెళ్ళిపోయింది.

ఈలోగా తరగతిలో పెద్ద చర్చే నడిచింది. 1997లో అలాన్ లెష్నర్ సైన్స్ పత్రికలో వ్యసనం మెదడు జబ్బని గట్టిగా వాదించిన వ్యాసం ఒకవైపు. 2009లో జీన్ హేమన్ అది మనిషి చేసే ఎంపికలో వచ్చిన చిక్కు అని వాదించిన పుస్తకం మరోవైపు. నడుమ లీ రాబిన్స్ అధ్యయనం. వియత్నాం యుద్ధంలో అమెరికన్ సైనికులు హెరాయిన్‌కు అలవాటు పడుతున్నారని 1971లో ప్రభుత్వం హడలిపోయింది. తిరిగి వచ్చినవారిని రాబిన్స్ బృందం వెతికి పట్టుకుని పరీక్షించింది. అక్కడ ఉండగా దాదాపు ఐదుగురిలో ఒకరు వ్యసనంలో పడ్డారు. అలా పడినవారిలో, ఇంటికి వచ్చాక మూడేళ్ళలోపు మళ్ళీ దాని పాలబడినవారు 12 శాతమే. ఈ అంకె వినగానే రెండు పక్షాలూ తమదే గెలుపన్నాయి. "చూశారా, జబ్బయితే అంత సులువుగా పోతుందా?" అని ఒకరు. "చోటు మారితే మెదడు కూడా కుదుటపడుతుంది, అందులో వింతేముంది?" అని మరొకరు. నేను తీర్పు చెప్పలేదు. ఒకే అంకె రెండు వాదాలకూ పనిచేస్తుంటే, అంకె కంటే దాని చుట్టూ ఉన్న వాక్యం ముఖ్యమన్న సంగతి బోర్డు మీద రాసి వదిలేశాను.

కరపత్రంలో ఒక శాతం

తొమ్మిదో వారంలో ఆమె మళ్ళీ నా గదికి వచ్చింది. ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. తండ్రి మందుల కాగితాలన్నీ తల్లి ఒక చెప్పుల పెట్టెలో దాచి ఉంచిందట. వాటిలో రోగులకు ఇచ్చే ఒక కరపత్రం దొరికింది. ఎవరు అచ్చువేశారో చెప్పే చివరి పేజీ చిరిగిపోయింది. నొప్పికి ఓపియాయిడ్లు, అంటే నల్లమందు తరహా మందులు, వాడేవారిలో వ్యసనం పాలయ్యేవారు ఒక శాతం కంటే తక్కువని అందులో ఉంది. ఆ వాక్యం కింద తండ్రి చేతి గీత ఉంది. ఆయన దాన్ని చదివి, ధైర్యం తెచ్చుకుని, గీత గీసుకున్నాడు.

ఆమె కవరు బల్ల మీద పెట్టి, "ఈ అంకె ఎక్కడిది?" అని అడిగింది. నా ప్రశ్నే, నా మాటల్లోనే. కానీ ఇప్పుడది ఆమె ప్రశ్న.

మా లైబ్రేరియన్ ఆమెతో రెండు మధ్యాహ్నాలు కూర్చుంది. అంకెను వెనక్కి, ఇంకా వెనక్కి తరుముకుంటూ వెళ్ళగా దారులన్నీ ఒకేచోట కలిశాయి: న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్, 1980 జనవరి 10. అక్కడ ఆమె ఎదురుచూసినది పెద్ద అధ్యయనం. దొరికింది సంపాదకుడికి ఉత్తరం. ఒక్క పేరా. ఐదు వాక్యాలు. రాసినవారు బోస్టన్‌లో మందుల ప్రభావాలను నమోదు చేసే కార్యక్రమంలో పనిచేసిన జేన్ పోర్టర్, హెర్షెల్ జిక్.

ఆమెను అడిగి ఆ ఉత్తరం అందరికీ పంచాను. ఆ రోజు తరగతి మొత్తం ఆ ఐదు వాక్యాల మీదే గడిచింది. శాండర్స్ వాక్యాలను ఎలా విప్పామో వీటినీ అలాగే విప్పాం.

మొదటి వాక్యం: ఆసుపత్రిలో చేరిన 39,946 మంది రోగుల రికార్డులు చూశామంటారు. ఆసుపత్రిలో చేరినవారు. ఇంటికి బిళ్ళలు తీసుకెళ్ళినవారు కాదు. రెండో వాక్యం: వారిలో 11,882 మందికి ఈ రకం మందు కనీసం ఒకటి ఇచ్చారు, అంతకుముందు వ్యసనం లేనివారిలో తగినంతగా నమోదైన వ్యసనం కేసులు నాలుగే. "కనీసం ఒకటి" అన్నచోట ఒక నర్సింగ్ విద్యార్థి చెయ్యెత్తాడు. ఆపరేషన్ తర్వాత ఒకే ఒక్క మోతాదు తీసుకున్నవాడు కూడా ఆ 11,882లో ఉన్నట్టే కదా అన్నాడు. "నమోదైన" అన్నచోట ఇంకొకరు ఆగారు: ఎవరు నమోదు చేశారు, ఎప్పటిదాకా చూశారు, రోగి ఇంటికి వెళ్ళాక ఎవరైనా చూశారా? మూడో వాక్యం: నలుగురిలో ఒక్కరి విషయంలోనే అది తీవ్రమైనది. నాలుగో వాక్యం ఆ నలుగురికీ ఇచ్చిన మందుల పేర్లు. ఐదోది ముగింపు: ఆసుపత్రుల్లో ఈ మందుల వాడకం విస్తారంగా ఉన్నా, వ్యసన చరిత్ర లేని రోగుల్లో వ్యసనం అరుదు.

రాసినవారు తమ హద్దులు దాటలేదు. "ఆసుపత్రుల్లో" అని స్పష్టంగానే రాశారు. ఆ మాటను తర్వాతివాళ్ళు జారవిడిచారు. 1990లో సైంటిఫిక్ అమెరికన్‌లో వచ్చిన వ్యాసానికి ఇది "విస్తృత అధ్యయనం" అయింది. 2001లో టైమ్ పత్రికకు "మైలురాయి వంటి అధ్యయనం" అయింది. 2017లో కెనడా పరిశోధకులు ఈ ఉత్తరాన్ని ఎవరెవరు ఎలా ఉటంకించారో లెక్కగట్టి అదే వైద్యపత్రికలో ప్రచురించారు. మొత్తం 608 ఉటంకింపులు. 439 చోట్ల దీన్ని వ్యసనం అరుదనడానికి సాక్ష్యంగా చూపారు. 491 చోట్ల ఆ రోగులు ఆసుపత్రిలో ఉన్నవారన్న సంగతే చెప్పలేదు. అదే కాలంలో అదే పత్రికలో వచ్చిన ఇతర ఉత్తరాలు మధ్యస్థంగా 11 సార్లు ఉటంకింపుకు నోచుకున్నాయి. ఆక్సికాంటిన్ అనే ఓపియాయిడ్ నొప్పి మందు మార్కెట్‌లోకి వచ్చాక ఈ ఉత్తరం పేరు చెప్పడం మరీ పెరిగింది. అది ఇతర మందుల కంటే తక్కువ వ్యసనకారి అని తప్పుదోవ పట్టించేలా ప్రచారం చేసినందుకు 2007లో దాన్ని అమ్మిన పర్డ్యూ ఫ్రెడరిక్ కంపెనీ కోర్టులో నేరం ఒప్పుకుంది. ఉత్తరం పైన ఇప్పుడు పత్రిక హెచ్చరిక ఉంది. తన ఉత్తరాన్ని మందుల కంపెనీలు అలా వాడుకున్నందుకు ఎంతో బాధపడుతున్నానని జిక్ 2017లో చెప్పారు.

ఉటంకింపు ఎలా రాయాలో, చుక్క ఎక్కడ పెట్టాలో, సంవత్సరం ఎక్కడ వేయాలో నేను ఏళ్ళుగా నేర్పుతున్నాను. విద్యార్థులు దాన్ని గుమాస్తా పనిగా చూసేవారు. నేను నేర్పిన తీరే అలా ఉండేదని ఆ మధ్యాహ్నం తెలిసింది. ఎవరో 491 చోట్ల ఒక మాట వదిలేశారు. ఒహాయోలో ఒక మనిషి ఆ మాట లేని వాక్యం కింద గీత గీసుకున్నాడు.

మాటల మీద మరో పేచీ

అదే తరగతిలో తెలుగు కుర్రవాడు ఒకడు ఉన్నాడు. పుట్టింది ఇక్కడే, తల్లిదండ్రులది నెల్లూరు జిల్లా. మద్యం మీద రాస్తానన్నాడు. తమలాంటి కుటుంబాల్లో ఈ బెడద లేదని మొదటి పేజీలోనే రాశాడు. ఆధారం ఏమిటని అడిగితే నా ముఖం చూశాడు. తెలుగుదానిని కనుక నాకు తెలిసే ఉంటుందని అతని ఉద్దేశం. అమ్మమ్మకు ఫోను చేయమన్నాను.

ఆ ఫోను అతని పత్రాన్ని తలకిందులు చేసింది. 1992లో దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్ళు, తమ వాచకంలోని సీతమ్మ కథ అనే పాఠం చదివి, సారా దుకాణం మూయించారు. వాళ్ళకు ముందు నడిచిన రోసమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఉద్యమం ఊరూరా పాకింది. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది సడలిపోయింది. ఇవన్నీ పుస్తకాల్లో దొరికేవే. అతనికి పుస్తకాల్లో దొరకనిది అమ్మమ్మ మాట. "నువ్వు కూడా వెళ్ళావా అమ్మమ్మా?" అని అడిగాడట. "వెళ్ళకపోతే మీ అమ్మ చదువు సాగేదా, నాయనా?" అందట ఆవిడ. ఒక పాఠం చదివి ఆడవాళ్ళు వీధిలోకి వచ్చిన జిల్లాలో మూలాలున్నవాడు, చదవడం వల్ల ఏమవుతుందని నన్ను రెండు నెలలుగా అడుగుతున్నాడు. ఆ తర్వాత అడగలేదు.

అతను నాకు మరో మేలు చేశాడు. వాళ్ళ తాతను అమ్మమ్మ "తాగుబోతు" అందని, ఇంగ్లీషులో ఏ మాట వాడాలని తరగతిలో అడిగాడు. అంతకు ముందు వారమే మేము 2010 నాటి ఒక ప్రయోగం చదివాం. జాన్ కెల్లీ, కసాండ్రా వెస్టర్‌హాఫ్ అనే పరిశోధకులు మానసిక ఆరోగ్య రంగంలో పనిచేసే 500 మందికి పైగా నిపుణులకు ఒకే రోగి కథను రెండు రకాలుగా ఇచ్చారు. ఒకదానిలో ఆ మనిషిని "దుర్వినియోగం చేసేవాడు" అన్నారు, రెండోదానిలో "రుగ్మత ఉన్నవాడు" అన్నారు. మొదటి మాట చదివినవారు అతనిదే తప్పని, శిక్ష ఉండాలని ఎక్కువగా మొగ్గారు. శిక్షణ పొందిన నిపుణులే ఒక్క మాటకు ఇటునుంచి అటు ఒరిగారు. 2013లో వచ్చిన మానసిక వైద్య ప్రామాణిక గ్రంథం డీఎస్ఎం-5 కూడా పాత పేర్లు తీసేసి, 11 లక్షణాల కొలతతో తీవ్రతను చెప్పే కొత్త పేరు పెట్టింది.

అయితే అమ్మమ్మ మాటను దిద్దే హక్కు మనవడికి ఉందా? ఆవిడ నలభై ఏళ్ళు దెబ్బలు తిని ఆ మాట అన్నది. నా అభిప్రాయం చెప్పాను: ఆవిడ నోట ఆవిడ మాటే ఉండాలి, అతని వాక్యంలో అతని మాట ఉండాలి, రెంటి మధ్య గీత పాఠకుడికి కనబడాలి. అతను "తాగుబోతు" అనే మాటను అలాగే ఇంగ్లీషు లిపిలో రాసి, దాని బరువు వివరించడానికి ఒక పేరా వెచ్చించాడు. పత్రంలో అదే మంచి పేరా.

మాటల దగ్గరే ఉన్నాం కనుక ఇంకొకటి చెబుతాను. ఇంగ్లీషు "అడిక్ట్" మూలం లాటిన్‌లో ఉంది. రోమన్ చట్టంలో అప్పు తీర్చలేక ఋణదాతకు అప్పగించిన మనిషిని "అడిక్టస్" అనేవారు. మనం "తాగుడుకు బానిసయ్యాడు" అంటాం. ఎవరూ చెప్పుకోకుండానే రెండు భాషలూ ఒకే బొమ్మ దగ్గరికి చేరాయి. ఇక వ్యసనం, వ్యాసం రెండూ "వి" ఉపసర్గ మీద, విసరడమనే అర్థమున్న "అస్" ధాతువు మీద పుట్టిన మాటలే. పరిచి చెప్పేది ఒకటి, చెదరగొట్టేది ఇంకొకటి. ఆ కుర్రవాడికి ఇది చెబితే నోట్సులో రాసుకున్నాడు.

చివరి డ్రాఫ్టుదాకా

ఉత్తరం దొరికాక ఆమె వేగం నన్ను భయపెట్టింది. పన్నెండో వారం డ్రాఫ్టులో, దేశంలో ఈ విపత్తుకంతటికీ ఈ ఐదు వాక్యాలే కారణమని రాసింది. ఒకప్పుడు ఏ పట్టూ లేకుండా రాసిన మనిషి ఇప్పుడు పట్టు మరీ బిగించింది. మళ్ళీ కూర్చున్నాం. ఉత్తరానికీ ఆక్సికాంటిన్ అమ్మకానికీ మధ్య పదహారేళ్ళ దూరం ఉంది. ఉత్తరాన్ని చదవని డాక్టర్లే ఎక్కువ. తర్వాత హెరాయిన్, ఫెంటానిల్ వచ్చాయి; వాటికీ ఈ ఉత్తరానికీ నేరుగా ముడి లేదు. పైగా నొప్పితో విలవిలలాడే రోగులను పట్టించుకోవాలన్న వైద్యుల ఆరాటం నిజమైనది, న్యాయమైనది.

ఆ చివరి మాట ఆమెకు మింగుడుపడలేదు. నేను 2016లో కేంద్ర ఆరోగ్య సంస్థ సీడీసీ ఈ మందులు రోగులకు రాయడంపై ఇచ్చిన మార్గదర్శకాలు, 2022లో వాటిని సవరిస్తూ ఇచ్చినవి పక్కపక్కన పెట్టి చదవమన్నాను. మొదటివాటిని కొందరు మరీ కఠినంగా అన్వయించి, రోగులకు మందు హఠాత్తుగా ఆపేసి హాని చేశారని రెండోది ఒప్పుకుంటుంది. చదివి వచ్చాక ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పింది: తండ్రికి బిళ్ళలు ఇచ్చినప్పటి కంటే, ఒక్కరోజులో ఆపేసినప్పుడు ఇల్లు ఎక్కువ కూలిందని. అది ఆమె ఇన్ని వారాలుగా పరిశోధిస్తున్నట్టు భావించిన కథకు అడ్డం వచ్చే నిజం. అడ్డం వచ్చినా పత్రంలో పెట్టింది.

తండ్రి విషయం ఎంత రాయాలన్నది ఆమె స్వయంగా తేల్చుకుంది. వెనకటి డ్రాఫ్టుల్లో ఆయన గురించి రెండు పేజీలుండేవి. చివరిదానిలో ఆయన ఒకే పేరాలో కనిపిస్తాడు: వంటింటి బల్ల దగ్గర కూర్చుని కరపత్రం చదువుతాడు, పెన్ను అడుగుతాడు, గీత గీస్తాడు. ఆయన తర్వాత ఏమయ్యాడో లేదు. శాండర్స్ దగ్గర నేర్చుకున్నది అదేనని ఆమె అనలేదు, నేనూ అడగలేదు. ఆ పేరాలో విశేషణం ఒక్కటీ లేదు.

పత్రానికి ఎ-మైనస్ గ్రేడు ఇచ్చాను. భాషలో తడబాట్లు మిగిలాయి. ముగింపు హడావిడిగా ఉంది. మరుసటి సెమిస్టరు నుంచి ఆ ఉత్తరాన్ని మూడో వారానికి తెచ్చాను, వ్యాసాల మధ్యలోనే, విడాల్‌కూ ఫిట్జ్‌గెరాల్డ్‌కూ నడుమ. దానివల్ల ఒక నష్టం కూడా ఉంది. నేను చేతికిచ్చిన ఉత్తరం, ఆమె చెప్పుల పెట్టెలోంచి బయలుదేరి వెతికి పట్టుకున్న ఉత్తరం ఒకటి కావు. అందుకే ఇప్పుడు ప్రతి విద్యార్థినీ తన ఇంట్లోంచి ఒక అంకె తెమ్మంటున్నాను: మందు సీసా మీదిది, ప్రకటనలోది, డాక్టరు చెప్పినది, ఏదైనా సరే. దాన్ని పుట్టిన చోటికి తీసుకెళ్ళాలి. సగం మంది చేరలేకపోతారు. ఎక్కడిదాకా వెళ్ళి ఆగిపోయారో రాస్తే అదే పత్రం.

మార్కులు పంపిన నాలుగు రోజులకు ఆమె దగ్గర నుంచి మెయిల్ వచ్చింది. తండ్రికి పత్రం చదివి వినిపించిందట. ఆయన మొత్తం విని, ఉత్తరం ఉన్న పేజీ మళ్ళీ చదవమన్నాడట. తర్వాత ఒక్కటే అడిగాడట: "ఆ నలుగురూ ఎవరో?"

ఉత్తరంలో వాళ్ళ గురించి ఉన్నది మందుల పేర్లు మాత్రమే: ఇద్దరికి మెపెరిడీన్, ఒకరికి పర్కోడాన్, ఒకరికి హైడ్రోమార్ఫోన్. వయసు లేదు, ఊరు లేదు, తర్వాత ఏమైందో లేదు. మార్కులు ఎలాగూ వేసేశారు కనుక, ఒక వాక్యం చేర్చి మళ్ళీ పంపవచ్చా అని ఆమె అడిగింది. పంపమన్నాను. జత చేసిన ఫైలు తెరిచి చూస్తే, తండ్రి ప్రశ్నను ఆమె ఎనిమిదో పేజీలో, నాలుగో వాక్యం గురించి రాసినచోట పెట్టింది. కింద ఉటంకింపు కూడా నియమం ప్రకారమే ఉంది: వ్యక్తిగత సంభాషణ, తేదీ.